సాగర్ పేరు మీద

"సాగర్ ఆన్‌లైన్ల ఉన్నడట," అన్నాడు మురళి.

పాల క్యాన్లు తోముతున్న రాజమణి చేతిలో పీచు ఆగిపోయింది. దాణా బస్తా మూతి విప్పుతున్న బాలనర్సింహ అలాగే వంగి ఉండిపోయాడు.

మురళి చేతిలో ఉన్నది తనూజ ఫోను. దాన్ని ముందు తల్లి వైపు, తర్వాత తండ్రి వైపు తిప్పి చూపించాడు.

"గీడ సూడుండ్రి. పేరు సాగర్. పక్కన పచ్చ సుక్క. వానకాలంల మనమే తీస్కపోయి అంబర్‌పేటల కాల్చి వచ్చినం. గీడ జూస్తే మొన్నటిదాంక మందితోని ముచ్చట పెడుతుండు."

తనూజ వంటింటి గడప మీద నిలబడి ఉంది. రొట్టెలు చేస్తూ లేచి వచ్చిందేమో, మణికట్టు దాకా జొన్నపిండి అంటుకుని ఉంది.

"నేనే బావా," అంది. "నేనే రాసిన."

"అది సమజైంది. తమ్ముని పేరు మీద ఎందుకు రాసినవ్?"

"అదొక చాట్‌రూమ్. కంప్యూటర్ కొత్తగ నేర్చుకునేటోళ్లు అడుగుతరు, వచ్చినోళ్లు చెప్తరు. ఆయన ల్యాప్‌టాప్‌ల ఆయన పేరు మీద తెరిచే ఉండె. ఆడపేరు పెడితే ఊకె ఫొటో పంపుమంటరు, నంబర్ ఇయ్యిమంటరు. అందుకే మార్చలే. ఫోన్ల గూడ అదే పెట్టుకున్న."

"అంటే, బయట మగోళ్లతోని మాట్లాడనీకి సచ్చిపోయిన మొగని పేరు అడ్డం పెట్టుకున్నవ్."

పక్కింటి మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ చేతిలో తడిచీర పట్టుకుని అలాగే ఆగిపోయింది. మురళి అటు చూశాడు. ఆవిడ తొందర తొందరగా చీర దులిపింది.

ఏమన్నా ఇంకో మాటకు దారవుతుందని ఈ ఇంట్లో తనూజ ఎప్పుడో నేర్చుకుంది.

సాగర్ ఈ ఇంటి చిన్నకొడుకు. పెళ్లిళ్లకు వీడియోలు తీసి, ఆ పాత ల్యాప్‌టాప్ మీదే వాటిని కత్తిరించి అతికించేవాడు. చాదర్‌ఘాట్ వంతెన మీద లారీ గుద్ది పోయినప్పుడు అతనితోపాటు అతని ఫోను కూడా నుజ్జయింది. మిగిలింది ల్యాప్‌టాప్ ఒక్కటే. అందులో రాజమణికి ఒక వీడియో ఉండేది. సాగర్ ఒకనాడు కొట్టంలోకి ఫోను పట్టుకుని పోయి, టీవీ వార్తలు చదివేవాడిలా ఒక్కొక్క బర్రెనూ పేరుపెట్టి పరిచయం చేస్తాడు. చివరికి పేడతట్ట ఎత్తుకున్న తల్లి ముందు నిలబడి, "రాజమణిగారూ, మీరు టీవీల కనవడుతున్నరు, రెండు ముక్కలు మాట్లాడుండ్రి" అంటాడు. "పోరా, పనిలేదు నీకు" అంటుంది ఆమె. నవ్వుతాడు. అంతే.

అతను పోయినప్పటి నుంచీ పగటిపూట అన్నాలయ్యాక తనూజ ఆ వీడియో పెట్టాలి. రాజమణి చూడాలి. "పోరా, పనిలేదు నీకు" అని వీడియోలో తనతోపాటే తానూ అనాలి. ఆ తర్వాతే ఆమె నడుం వాల్చేది.

కొద్దిరోజుల కింద ల్యాప్‌టాప్ ఖరాబైందని తనూజ చెప్పింది. మురళి దాన్ని అఫ్జల్‌గంజ్‌లో ఒక రిపేరు దుకాణానికి తీసుకుపోయాడు. వాళ్లు లోపలంతా కొత్తగా చేసి ఇచ్చారు. నిన్న ఇంటికి తెచ్చి తెరిస్తే అద్దం తుడిచినట్టుంది. సాగర్ లేడు, బర్రెలు లేవు. నిన్నంతా ఇంట్లో అందరూ ఆ దుకాణం వాణ్ని తిట్టుకున్నారు.

మురళి ఇంకా ఫోను చూస్తూనే ఉన్నాడు. వేలితో పైకి నెట్టుకుంటూ నెట్టుకుంటూ ఒకచోట ఆగాడు. అతని మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది.

"గిదేంది?" అన్నాడు మెల్లగా.

తనూజ కళ్లు మూసుకుంది.

"లోపల జాగ లేదు, ఏం చెయ్యాలె అని అడిగినవ్. జీరోవన్ అనేటోడెవడో ఒక లైను ఇచ్చిండు. కమాండ్లు కొట్టే నల్ల డబ్బా తెరిచి గిది కొట్టు, జాగ అయితది అన్నడు. కొట్టినవా?"

"కొట్టిన."

"కొడితే?"

ఆమె వెనక్కి తిరిగి వంటింట్లోకి చూసింది.

"నోరిప్పు తనూజా. కొడితే ఏమైంది?"

"ఆయన వీడియోలున్న డ్రైవు మొత్తం తుడుచుకపోయింది."

బాలనర్సింహ బస్తా వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"వాడు కావాల్నని చేసిండు బావా. నేర్పుతున్నడనుకున్న. ఆ రూమ్ల అందరు మంచిగ చెప్తుండిరి. వాడు గట్ల చేస్తడని నాకు తెల్వది. అంత తుడుచుకపోయినంక నవ్విండు. నవ్వే బొమ్మలు పెట్టిండు."

"మెషిన్ ఖరాబైందంటివి."

"భయమైంది."

మురళి మళ్లీ ఫోనులోకి చూశాడు. ఈసారి ఉన్నది ఉన్నట్టు హిందీలో చదివాడు. మాదన్నపేటలో పాలుపోసే ఇల్లు అది, హిందీ రానివాళ్లు ఎవరూ లేరు.

"గడ్డంబాబా అనే ఆయన రాసిండు. 'బంద్ కరో అభీ. హాత్ మత్ లగావ్. కుఛ్ నయా మత్ డాలో. షాయద్ వాపస్ ఆ జాయేగా.'"

చదివి ఆగాడు. ఇంకోసారి తనలో తాను చదువుకున్నాడు.

"ముట్టొద్దన్నడు," అన్నాడు. "కొత్తది ఏమెయ్యకుంటే వాపస్ వస్తదేమో అన్నడు. అది నేను దుకాణంకు పోకముందే అన్నడు."

తనూజ గడపకు ఆనుకుంది.

"నేను బండి తీసినప్పుడు నువ్వు గీడనే నిలబడ్డవ్. ఛార్జర్ గిట్ల కావాల్నేమో అని అడిగితే, లోపలికి పోయి తెచ్చిచ్చినవ్. చేతికిచ్చినవ్. గా ఒక్క ముక్క చెప్పకపోతివి."

"చెప్దామనే అనుకున్న. చెప్తే గీ రూమ్ సంగతి, పేరు సంగతి అంత బయటపడుతదని..."

"నేను కొత్తగ చేపిచ్చిన," అన్నాడు మురళి. "వాడు ఉండెనేమో లోపల. నేనే పోయి వాని మీద కొత్తది ఎక్కిచ్చి తెచ్చిన. నా చేతులతోని చేపిచ్చినవ్ నువ్వు."

ఆ మాట నిజమే.

రాజమణి ఇంతసేపూ క్యాను ముందు నుంచి లేవలేదు. ఇప్పుడు అడిగింది. "అంటే, ఇగ రాదా?"

మురళి తండ్రి వైపు చూశాడు.

"నిన్న చూద్దాం, చేద్దాం అంటిరి గద. ఇంకో దుకాణంల అడుగుతం అంటిరి."

"రాదమ్మా," అన్నాడు మురళి. "ఇగ రాదు."

ఆమె తల ఊపింది. పీచు తీసుకుని ఇంతకుముందే తోమిన క్యాను మళ్లీ తోమడం మొదలుపెట్టింది.

బాలనర్సింహ తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. ఆయన ఇంట్లో గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఇప్పుడూ పెంచలేదు.

"తనూజ నాయిన వైకుంఠానికి ఫోన్ చెయ్యి. వచ్చి బిడ్డను తీస్కపొమ్మని చెప్పు."

"మామా," అంది తనూజ.

ఆయన కొట్టంలోకి పోయాడు. బర్రెలు ఆయనను చూసి లేచి నిలబడిన చప్పుడు వినిపించింది.

మురళి ఫోను క్యాను మూత మీద పడేసి, తన ఫోను తీసుకుని గల్లీలోకి నడిచాడు.

* * *

గదిలో తనూజ బట్టలు సర్దుకోవడం లేదు. మంచం మీద కూర్చుని చేతికి ఎండిన పిండి గిల్లుకుంటూ ఉంది.

తోటికోడలు అమల వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నేనే చెప్పిన," అంది. "ఫోన్ల ఏదో రాసుకుంటున్నవని ఆయనకు నేనే చెప్పిన."

"తెలుసక్కా."

"గింత లొల్లి అయితదనుకోలే. నువ్వు కొట్టం వెనక కూసోని, ఫోన్ చూసుకుంట నవ్వుకుంటుంటివి. ఏడాది కాలే ఇంకా. నాకేం సమజ్ గావాలె చెప్పు."

"ఎవడన్న ఉన్నడనుకున్నవా?"

అమల గోడ వైపు చూసింది. "అనుకుంటే తప్పా?"

తప్పు కాదనే అనిపించింది తనూజకు. తానైనా అదే అనుకునేదేమో.

ఆవేళ ఎందుకు నవ్విందో ఆమెకు బాగా గుర్తుంది. అంతకుముందు ఎన్నిసార్లు రాసినా తప్పు చూపిస్తూ వచ్చిన ఒక చిన్న ప్రోగ్రాము ఆరోజు నడిచింది. పాలవాళ్ల పేర్లు ఇస్తే అక్షరాల వరుసలో పెట్టి చూపించే ప్రోగ్రాము. రూమ్‌లో చెప్పింది. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు, మొహాలు తెలియనివాళ్లు, 'షాబాష్ సాగర్' అన్నారు. 'సాగర్ భాయ్ ఇగ ఆగడు' అని ఎవరో అన్నారు.

ఈ ఇంట్లో ఆ పేరు ఎవరు ఎత్తినా గొంతు తగ్గించే ఎత్తుతారు. గల్లీలో ఎత్తితే, 'పాపం' అనకుండా ఎత్తరు. ఆ రూమ్‌లో మాత్రం రోజూ ఉండే మనిషిని పిలిచినట్టు పిలిచారు. సాగర్, ఇటు రా. సాగర్, తిన్నవా. సాగర్, నీ మూడో లైన్ తప్పు. ఆ పిలుపు వినడానికే కొన్నిసార్లు ప్రశ్న లేకపోయినా వెళ్లేది. నేర్చుకోవాలన్న తపన ఎంతుందో, ఆ పేరు మీద ఆశ కూడా అంతే ఉంది. ఈ ముక్క అమలకు చెబితే అర్థమవుతుందో లేదో.

"నాకు ఏదన్న నౌకరి చెయ్యాల్నని ఉండె అక్కా," అంది. "క్లాసులకు పోతనంటే బావ వద్దన్నడు. నీకెందుకు, ఇంట్ల తక్కువేముంది అన్నడు. ఇంకేడ నేర్చుకోవాలె నేను?"

"మరి గాడ నేర్చుకుంటివి గద," అంది అమల. మాటలో ఎత్తిపొడుపు లేదు. అలసట ఉంది. "మీ నాయిన బయల్దేరిండట. పూల దుకాణం ఎవరికో అప్పజెప్పి వస్తుండంట. నేను బ్యాగ్ తెచ్చియ్యాల్నా?"

"వద్దు."

అమల వెళ్లబోతూ ఆగింది. "గా జీరోవన్‌గానికి ఏమొచ్చింది గట్ల చేస్తే?"

"ఏమీ రాలే," అంది తనూజ. "ఊకెనే చేసిండు."

* * *

రాజమణి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. కొంగు చాటున పట్టుకొచ్చిన ఫోను మంచం మీద పెట్టింది.

"తెరువు."

తనూజ తెరిచింది.

"నా కొడుకు పేరు ఏడుంది?"

తనూజ వేలు పెట్టి చూపించింది. రాజమణి కూడా వేలు పెట్టబోయింది. ముట్టుకోగానే అక్షరాలు జారిపోయేసరికి భయపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. తనూజ మళ్లీ కిందికి తెచ్చి నిలబెట్టింది.

"పచ్చ సుక్క ఏది?"

"గిది. మనిషి లోపల ఉన్నట్టు అందరికి తెలుస్తది."

"ఇప్పుడు ఉన్నట్టేనా?"

"మనం తెరిచినం గద అత్తమ్మా."

"ఉన్నట్టేనా, కాదా?"

"ఉన్నట్టే."

రాజమణి మంచం పట్టె మీద కూర్చుంది. చాలాసేపు ఆ చుక్క వైపే చూసింది. "ఆళ్లకు తెల్వదా? వాడు పోయిండని?"

"తెల్వది. నేను చెప్పలే."

"ఒక్కలకు గూడ?"

"ఎవ్వలకు చెప్పలే."

చెంప మీద దెబ్బ పడుతుందనుకుంది తనూజ. పడలేదు. రాజమణి లోపలి నుంచి పెద్ద ఊపిరి ఒకటి వదిలింది. చాలా దూరం మోసిన గడ్డిమోపు దించుకున్నప్పుడు వదిలేలాంటి ఊపిరి.

"ఏమంటున్నరు? చదువు."

"గడ్డంబాబా రాసిండు. 'సాగర్ భాయ్, ఖైరియత్ తో హై? ఇత్తే దిన్ సే ఆవాజ్ నహీ.'"

"ఇంకోసారి చదువు."

చదివింది.

"మంచిగున్నవా, సప్పుడు లేదేంది అని నా కొడుకు ఖైరియత్ అడుగుతుండు," అంది రాజమణి. ఆమె కళ్లు తడవలేదు. అదే తనూజను భయపెట్టింది. "జవాబియ్యి. మంచిగున్న అని రాయి."

"అత్తమ్మా, నేను నిజం చెప్దామనుకుంటున్న."

"ఏం నిజం?"

"ఆయన లేడని. ఇన్ని రోజులు అడిగింది నేనేనని. గా బాబా మంచోడు. ఆయనకన్న చెప్తా."

రాజమణి ఆమె మణికట్టు పట్టుకుంది. పాలు పితికీ పితికీ గట్టిపడ్డ చెయ్యి అది.

"గీ గల్లీల సచ్చిండు. మార్కెట్ల సచ్చిండు. సుట్టాలల్ల సచ్చిండు. ల్యాప్‌టాప్‌ల ఉండె, ఆడ గూడ తుడిచినవ్. ఇంకొక్క కాడ ఉన్నడు. గది గూడ నువ్వే తుడుస్తవా?"

"అది ఆయన కాదత్తమ్మా. నేను."

"ఆళ్లకు వాడే గద."

తనూజ చెయ్యి విడిపించుకోలేదు. బయట కూరగాయల బండివాడు ఒకడు అరుచుకుంటూ పోయాడు.

"ఇను," అంది రాజమణి గొంతు తగ్గించి. "మీ నాయిన వస్తే నేను మాట్లాడుత. మీ మామతోని నేను మాట్లాడుత. నువ్వు ఏడికి పోనవసరం లే. కంప్యూటర్ నేర్చుకుంటవా, నేర్చుకో. మురళిగాడు అడ్డమొస్తే నేను జూసుకుంట. రోజు పగటీలి నా పక్కన కూసోని వాని పేరు మీద రాయి. ఆళ్లేమన్నరో నాకు చదివి చెప్పు. గంతే నేనడిగేది."

ఈ ఇంటికి వచ్చాక అత్త ఆమెతో ఇంత మెత్తగా మాట్లాడటం ఇదే. సాగర్ ఉన్నప్పుడు కూడా ఇట్లా మాట్లాడలేదు.

తనూజ ఫోను చేతిలోకి తీసుకుంది. ఒప్పుకుంటే నిలువనీడ ఉంటుంది, చదువు ఉంటుంది. రేపు, ఎల్లుండి, ఆ పై ఏడాది, పక్కన అత్త, ఇటువైపు తాను. తాను నేర్చుకున్న ప్రతి ముక్కకీ సాగర్‌కు షాబాష్ వస్తుంది. సాగర్‌కు వయసు పెరుగుతుంది. ఎవరైనా 'పెళ్లాం ఎట్లుంది భాయ్' అని అడిగితే దానికి కూడా తానే జవాబు రాయాలి.

రాయడం మొదలుపెట్టింది. రాజమణి ఆమె వేళ్ల వైపే చూస్తోంది.

ఆమె రాసింది ఇది. నేను సాగర్ భార్యను. ఆయన వానకాలంలో చనిపోయారు. మిమ్మల్ని ఇన్నాళ్లూ అడిగింది నేను. అబద్ధం చెప్పినందుకు మన్నించండి.

పంపేసింది.

"రాసినవా?"

"రాసిన."

"ఏమని?"

"మంచిగున్న అని."

రాజమణి తృప్తిగా తల ఊపింది. ఛార్జర్ చేతికిచ్చిన నాడు కూడా తనూజ ఇట్లాగే నిజం దాచింది.

అవతల ఎవరో టైప్ చేస్తున్నట్టు మూడు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్లీ కదిలాయి.

"గదేంది కదులుతుంది?"

"జవాబు రాస్తుండు."

"గంత సేపా?"

జవాబు వచ్చింది. తనూజ చదువుకుంది. బేటీ, అని మొదలైంది. చాలా రాశాడు ఆయన. తన తమ్ముడి గురించి ఏదో రాశాడు. రూమ్ తలుపు నీకు ఎప్పుడూ తెరిచే ఉంటుందని రాశాడు. చివర ఒక ప్రశ్న ఉంది. ముందు నీ పేరు చెప్పు.

ఆ నాలుగు మాటల దగ్గర ఆమె కళ్లు నిలిచిపోయాయి.

"ఏమన్నడు?"

"సంతోషం అన్నడు."

రాజమణి ఫోను వైపు చూసింది. కోడలి మొహం వైపు చూసింది. ఆమెకు అక్షరం రాదు. కానీ ఏది చిన్నదో, ఏది పెద్దదో కనిపిస్తుంది.

"సంతోషం అననీకి గంత పొడుగు రాసిండా?"

"ఇంకేవో... కంప్యూటర్ సంగతులు."

"అయితే గవ్వే చదువు."

తనూజ నోరు తెరిచింది. ఏ మాట కల్పించాలన్నా ఒక్కటి దొరకలేదు. కళ్ల ముందు ఉన్నవి ఆ అక్షరాలే.

రాజమణి ఆమె చేతిలోంచి ఫోను తీసుకుంది. లాక్కోలేదు, మెల్లగానే తీసుకుంది. లేచి తలుపు తెరిచింది.

"మురళీ. గిటు రా."

మురళి గల్లీలోంచి వచ్చాడు. అతని వెనకే వాకిట్లో ఆటో ఆగిన చప్పుడు, తనూజ తండ్రి వైకుంఠం దగ్గు, రెండూ వినిపించాయి.

"అమ్మా, వైకుంఠం మామ వచ్చిండు."

"కూసోమను. ముందుగాల గిది చదువు. తమ్మునికి జవాబొచ్చింది."

తల్లి అన్న మాట అర్థం కాక మురళి ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత ఫోను తీసుకున్నాడు. తనూజ రాసింది చదివాడు. దాని కిందది చదివాడు. పెదవులు కదిలాయి గాని బయటికి ఏమీ రాలేదు.

తలెత్తి తల్లి వైపు చూడలేదు. తనూజ వైపు చూశాడు.

"గట్టిగ చదువు బిడ్డా," అంది రాజమణి.